చుక్క ఎటుంటే పట్టీ అటు

ఫెలోషిప్ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. "ఈ విభాగాన్నే ఎందుకు ఎంచుకుంటున్నారు?" అని. మూడు వందల మాటల్లో జవాబు చెప్పాలట. రెటీనా కోసం, అంటే కంటి వెనక పొర వైద్యం కోసం, ఆ జవాబు రెండుసార్లు రాశాను. రెండూ నున్నగా, ఎవరో పెద్ద డాక్టరు రాసినట్టు వచ్చాయి. పిల్లల కంటి వైద్యం కోసం మొదలుపెడితే మాత్రం ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను. గడువు రేపు సాయంత్రం ఐదింటికి. రెండింట్లో ఒక్కదానికే టిక్కు పెట్టాలి. పాప పడుకుంది. ఆ మూడు వందల మాటలు రావడం లేదు కనక, అసలేం జరిగిందో ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

నర్సీపట్నంలో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో పని చేస్తాను. శుక్లాలు, షుగరు కళ్ళు, చెరకు నరికేటప్పుడు ఆకు కోసుకుపోయిన కళ్ళు, ఇవే రోజూ. ఎమ్మెస్ చదివేటప్పుడు మాత్రం పిల్లల కళ్ళే నా దారి అనుకునేదాన్ని. హాస్టల్లో అందరికీ చెప్పాను కూడా. తర్వాత నాకే ఒక పాప పుట్టింది. అంతవరకూ పిల్లల ఏడుపంటే నాకు వార్డులో ఫ్యాను చప్పుడు లాంటిది. ఇప్పుడు ఎవరి బిడ్డ ఏడ్చినా నా చెయ్యి ఆగిపోతుంది. చుక్కల మందు వెయ్యబోయి, "అయ్యో, వద్దులేమ్మా" అని నేనే వెనక్కి తగ్గిన రోజులున్నాయి.

ఇంట్లో సంగతి ఇంకా ఘోరం. మా పాపకి రెండున్నరేళ్ళు. రోజూ పొద్దున్న లేవగానే దాని కళ్ళలోకి టార్చి వేస్తాను. వెలుగు రెండు కంటిపాపల్లోనూ సరిగ్గా మధ్యలో పడాలి. పడితే నాకు ఆ రోజుకి కాఫీ సహిస్తుంది. మా అత్తయ్య బడిపంతులమ్మగా రిటైరయ్యారు, మాతోనే ఉంటారు. ఆవిడ రోజూ అదే మాట.

"ఏటమ్మా, రాత్రికి రాత్రే కన్ను తిరిగిపోద్దేటి?"

"అలా కాదత్తయ్యా, ఊరికే చూస్తున్నాను."

"చూడు, చూడు. నువ్వు చూసీ చూసీ దానికే విసుగొచ్చి తిప్పీస్తాది."

రెటీనా తీసుకోమని చెప్పని మనిషి లేడు. మా ఆసుపత్రిలో సీనియర్ డాక్టరు గారు, "నర్సీపట్నంలో షుగర్ లేని ఇల్లొకటి చూపించమ్మా నాకు. పైగా పెద్దవాళ్ళు, పడుకోమంటే పడుకుంటారు, చూడమంటే చూస్తారు. పిల్లలతో నీకెందుకా గోల?" అన్నారు. మా ఆయన రెవెన్యూ ఆఫీసులో పని చేస్తారు. ఆయన్ని అడిగితే, "నాదేముంది? నువ్వు సిఫార్సు రాయి, నేను ఫార్వర్డ్ చేస్తాను" అన్నారు. ఏదైనా ఏడాదిన్నర విశాఖలో ఉండాలి. అత్తయ్య, పాప నాతో వస్తారు, ఆయన శనివారం సాయంత్రం బస్సెక్కి వస్తారు. అంతవరకూ తేలిపోయింది. తేలనిది నా ఒక్క టిక్కే.

అలా ఊగిసలాడుతున్న రోజుల్లో, కొయ్యూరు వెళ్ళే దారిలో ఒక ఊరి నుంచి ఒక నాయనమ్మ ఐదేళ్ళ మనవరాలిని తీసుకొచ్చింది. వాళ్ళది జీడితోట. పిల్ల ఎడమ కన్ను ముక్కు వైపు తిరిగి ఉంది. బడిలో టీచరు పంపిందట.

"టీచరమ్మ పోరు పడలేక వచ్చినామమ్మా. మెల్లకన్ను మంచిదే కదా? ఇది పుట్టినేడే మా తోట కాపుకొచ్చినాది. ఇంటికి లచ్చిమి ఇది."

పిల్లకి బొమ్మల చార్టు చూపించాను. అక్షరాలు రాని పిల్లలకి ఇల్లు, గుండ్రం, డబ్బా, యాపిల్ బొమ్మలుంటాయి. యాపిల్ దగ్గరికి రాగానే, "జీడిపండు" అంది ఠక్కున. కాదు, యాపిల్ అన్నాను. నన్ను చూసి జాలిపడినట్టు, "జీడిపండే" అంది. సరే జీడిపండే అన్నాను. కుడి కంటితో చివరి వరసదాకా చదివేసింది. ఆ కన్ను మూస్తే ఎడమ కంటితో పై వరస దాటలేదు.

కళ్ళద్దాలు రాశాను. రోజుకి రెండు గంటలు ఒక కన్ను మూస్తూ పట్టీ వెయ్యమని చెప్పి, ఏ కంటికో చీటీలో రెండు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చేశాను. మామూలుగా అయితే మొదటి పట్టీ నేనే అతికించి చూపిస్తాను. ఆ రోజు మా పాపకి జ్వరం. అత్తయ్య పొద్దుట్నుంచీ రెండుసార్లు ఫోను చేశారు. నా ఒళ్ళు ఆసుపత్రిలో ఉంది గానీ మనసు ఇంట్లో థర్మామీటరు పట్టుకుని కూర్చుంది. పట్టీలు కౌంటర్లో తీసుకోండని చెప్పి పరిగెత్తాను.

ఆరు వారాలకి వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఎడమ కన్ను ఎక్కడుందో అక్కడే ఉంది, ఒక్క వరస కూడా దిగలేదు.

"పట్టీ వేస్తున్నారా అమ్మా?"

"ఒక్క పూటైనా మానలేదు డాక్టరమ్మా. నాను తోటకెల్లినా మా కోడలు ఏసీది."

"ఏదీ, ఒకటి వేసి చూపించండి."

ఆవిడ సంచిలోంచి పట్టీ తీసి, కాగితం ఊడదీసి, ఎంతో నేర్పుగా మనవరాలి ఎడమ కంటికి అతికించింది. మూసి ఉంచాల్సింది కుడి కన్ను, బాగున్న కన్ను. ఆరు వారాలూ వాళ్ళు పని చెయ్యని కంటికే విశ్రాంతి ఇచ్చారు.

"అమ్మా, ఈ కంటికెందుకు వేస్తున్నారు?"

"అదేటి, బాగోలేని కంటికే కదేటి ఏస్తారు? కాలిరిగితే ఇరిగిన కాలికి కట్టు కడతారు గానీ బాగున్న కాలికి కడతారేటి?"

నేను రాసిచ్చిన చీటీ ఏదని అడిగాను. చీటీ తీసి చూపించింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనక దాచారట. నేను రాసిన రెండక్షరాలు చక్కగా, చెక్కుచెదరకుండా, ఎవరికీ పనికిరాకుండా ఉన్నాయి.

"తప్పు నాదమ్మా" అన్నాను. "నేను సరిగ్గా చెప్పలేదు. బాగున్న కన్ను చూడ్డమంతా తనే చూసేస్తోంది. దాంతో రెండోది పని మానేసి కూర్చుంది. అందుకని బాగున్నదాన్ని కాసేపు మూసేస్తే, రెండోదానికి చూడక తప్పదు."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. నవ్వేసింది.

"ఓలమ్మో, మా దాపటెద్దులాగన్నమాట! జంటలో రెండోది లాగుతుంటే ఇది కాడి కింద మెడ పెట్టుకుని ఊరికే నడిసీది. మా ఆయన రెండోదాన్ని ఇప్పీసి, దీన్నొక్కదాన్నీ ఒంటెద్దు బండికి కట్టీసినాడు."

"లాగిందా?"

"లాగక ఎక్కడికి పోద్ది? ఏడుసుకుంటూ లాగినాది. ఆ ముక్క అప్పుడే సెప్పుంటే అయిపోను కదమ్మా!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడకి ఇంకో బెంగ పట్టుకుంది. "ఇంట్లో ఏడుగురం. నానుంటే నాను, నాను లేపోతే కోడలు, అదీ లేపోతే ఇంకొకలు. ఎవులో ఒకలు మల్లీ తప్పేసీస్తారు. మీ కాయితం మాకు సదవడం రాదు." అని మనవరాలి మొహం అటూ ఇటూ తిప్పి చూసింది. పిల్ల ఎడమ బుగ్గ మీద దిష్టిచుక్క ఉంది. కొంగుతో తుడిచేసింది.

"కాటుకుందేటి డాక్టరమ్మా?"

పిల్లల కళ్ళకి కాటుక పెట్టొద్దని రోజూ తల్లుల మీద అరిచే మనిషిని నేను. కానీ నా హ్యాండుబ్యాగులో కాటుక ఉంది. పాపని బయటికి తీసుకెళ్తే చుక్క పెట్టమని అత్తయ్య పడేశారు. సిగ్గుపడుతూ తీసిచ్చాను. ఆవిడ చిటికెన వేలితో మనవరాలి కుడి కంటి కింద, బుగ్గ మీద, రేగిపండంత చుక్క పెట్టింది.

"ఇదిగో, సుక్క ఎటుంటే పట్టీ అటు. ఇంక మా ఇంట్లో ఎవులూ తప్పేయరు. నాను రోజూ పొద్దున్నే సుక్క పెట్టీసి తోటకెల్తాను."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, రెటీనాకే టిక్కు పెడతానని చెప్పాను. "ఎవరి బిడ్డకో ఏ కన్ను మూయాలో చెప్పడం మర్చిపోయి, నా బిడ్డ కోసం పరిగెత్తాను. నాలాంటిది పిల్లల డాక్టరెలా అవుతుంది?" అన్నాను. మా ఆయన ఏదో ఓదార్చబోయారు గానీ, అత్తయ్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అడిగారు.

"రెటీనా వాళ్ళ పిల్లలకి జ్వరాలు రావేటమ్మా?"

మా ఆయన పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను గానీ టిక్కు మాత్రం ఎటూ పెట్టలేదు.

మర్నాటి నుంచి నా టేబులు మీద మందుల పక్కన కాటుక డబ్బీ చేరింది. పట్టీ రాసిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ బాగున్న కంటి కింద చుక్క పెట్టి, "రోజూ ఇక్కడే పెట్టండి. చుక్క ఎటుంటే పట్టీ అటు" అని పంపుతున్నాను. మొదటి పట్టీ మాత్రం నా ముందే వాళ్ళ చేత వేయిస్తున్నాను. చుక్క పెడతానంటే ఏ పిల్లా ఏడవదు. బుగ్గ చాపి నిలబడతారు. వాళ్ళు నిలబడ్డ కాసేపట్లోనే నేను కన్ను కూడా చూసేసుకుంటాను. సీనియర్ గారు ఆ డబ్బీ చూసి, "ఏమ్మా, ఫ్యాన్సీ షాపు పెట్టావా?" అన్నారు. వారం తిరక్కుండా ఆయన గదిలోంచి నర్సు వచ్చి, "సార్ ఒకసారి కాటుక ఇమ్మంటున్నారు మేడమ్" అంది.

మా పాప సంగతి చెప్పనక్కర్లేదు. అందరికీ పట్టీలు వేస్తోంది. వాళ్ళ నాన్నకి వేసింది, ఫ్రిజ్‌కి వేసింది. అత్తయ్యకి వేసి, "నాయమ్మా, కదలకు" అని గదమాయించింది. ఆవిడ ఒంటి కన్నుతోనే సీరియలు చూశారు.

మొన్న మంగళవారం ఆ నాయనమ్మ, మనవరాలు మళ్ళీ వచ్చారు. రెండు నెలలైంది. పిల్ల కుడి బుగ్గ మీద చుక్క అంతకంతకీ పెద్దదై అణా కాసంత అయింది. కుర్చీ ఎక్కించి, కుడి కన్ను మూసి, చార్టు వైపు వేలు చూపించాను. పిల్ల మెడ ముందుకి చాచింది. మొదటి వరస దాటింది. రెండోది దాటింది. మూడో వరసలో ఆగింది. నాయనమ్మ కుర్చీ దగ్గరికి జరిగింది.

"ఇల్లు" అంది పిల్ల. "డబ్బా." మళ్ళీ ఆగింది. తర్వాత మొహమంతా నవ్వయింది. "జీడిపండు!"

"యాపిల్" అందామని కూడా అనిపించలేదు నాకు. కుర్చీలోంచి ఎత్తుకుని గదంతా ఒక తిప్పు తిప్పాను. బయట బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన మా గోల విని, "ఆపరేషనా?" అని అడగడం వినపడింది.

ఇంకా చాలా వరసలున్నాయి, ఇంకా చాలా నెలలు పట్టీ వెయ్యాలి. కానీ దాపటెద్దు లాగడం మొదలుపెట్టింది. పైగా కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆ పిల్ల కన్ను తిన్నగా ఉంటోంది, తీస్తే మళ్ళీ ముక్కు వైపుకి తిరుగుతోంది. ఈ రకం మెల్లలో అలాగే ఉంటుంది. ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, నాయనమ్మ అద్దాలు రెండుసార్లు తీసి పెట్టి, పెట్టి తీసి చూసి, తనే తేల్చేసింది.

"బాగుంది! పెడితే సదువు, తీస్తే అదురుష్టం. రెండూ మాకే."

"పగలంతా పెట్టే ఉంచాలమ్మా!" అన్నాను.

"ఉంచుతాన్లే తల్లీ. తోటలో మొదటి బుట్ట దింపినప్పుడు మాత్తరం ఒక్క నిమిసం తీసీస్తాను. అడ్డు సెప్పకు."

చెప్పలేదు. ఒక్క నిమిషానికి కంటికేమీ కాదు, తోటకి మంచిదైతే కావచ్చు.

ఇదంతా రాసేసరికి మూడు వందల మాటలు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ఆ ప్రశ్నకి జవాబు ఇదే, ఇంగ్లీషులోకి తేవాలి అంతే. ఎద్దు సంగతి ఉంచాలో తీసెయ్యాలో చూడాలి. ఉంచుతాను. పిల్లల ఏడుపుకి నా చెయ్యి ఇంకా ఆగుతుంది. చుక్కల మందు వేసే ముందు ఇప్పటికీ ఒకసారి గుటక మింగుతాను. ఏడాదిన్నరలో అది పోతుందో లేదో తెలీదు. పోకపోతే ఆగి, గుటక మింగి, అప్పుడే వేస్తాను.

పిల్లల కంటి వైద్యం పక్కన టిక్కు పెట్టాను. పొద్దున్న మా ఆయనకి చూపించి ఫార్వర్డ్ చేయించుకోవాలి.

పాప ఇటు తిరిగి పడుకుంది. సాయంత్రం నా బ్యాగులో చెయ్యి పెట్టినట్టుంది. కుడి బుగ్గ మీద చుక్క, ఎడమ బుగ్గ మీద చుక్క, ముక్కు మీద ఇంకోటి. రేపు పొద్దున్న టార్చి వెయ్యనని అత్తయ్యకి మాటిచ్చాను. ఒక్కసారి వేస్తాను.