కథ అయ్యాక మా అయ్య పేరు చెప్పేవాడు

ఆమదాలవలస వదినా, మోకాలు నొప్పి ఎలాగున్నాది? తమ్ముడూ, సుగరు మళ్ళీ చూపించుకున్నావా లేదా? తవిటమ్మత్తకి దగ్గు తగ్గిందేటి? ముఖం తెలియకపోయినా నా రాతలు చదివే పిల్లలందరూ బాగున్నారా... నేను బాగానే ఉన్నాను గానీ మనసే బాగోలేదు. అందుకే రాస్తన్నాను.

మా చిన్నప్పుడు... పొందూరు దగ్గర మా ఊళ్ళో అయ్య జముకు వాయించి అమ్మవారి కథ చెప్పేవాడు. జముకంటే తెలియని పిల్లలకి చెప్తన్నాను... కుంచమంత డొల్ల, అడుగున తోలు, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం. చంకలో ఇరికించుకుని, నరం లాగి మీటితే గుమ్ముమంటాది. వదులు చేస్తే మూలుగుతాది.

అమ్మవారికి కోపం వచ్చే చోట అయ్య నరం బాగా వదిలేసేవాడు. అప్పుడొక గొంతు తీసేవాడు... మనిషి గొంతు కాదది. నూతిలో బండ దొర్లినట్టుండేది. నేను అమ్మ కొంగులో దూరిపోయేదాన్ని.

"గొంతుతోటి అరిస్తే నెత్తురొస్తాది. కడుపులోంచి తియ్యాల" అనేవాడు వంత పాడేవాళ్ళతో.

కథ అయిపోగానే అమ్మ చెంబుతో నీళ్ళిచ్చి "ఎవలు నువ్వు?" అని అడిగేది. "సూరయ్యని" అనేవాడు అయ్య, తన సొంత గొంతుతో. అప్పుడే అన్నం పెట్టేది. ఒక్కో రోజు ఆటకి "నీ మొగుడ్నే, మర్సిపోనావేటి?" అనేవాడు. అమ్మ నవ్వేది కాదు. "పేరు సెప్పు" అనేది.

ఒక ఏడు అమ్మ పురిటికి కన్నవారింటికి వెళ్ళింది. ఆ సాయంత్రం అయ్య ఆ గొంతు తీసిన చోటే జడివాన కొట్టింది. జనం లేచిపోయారు. అయ్య జముకు తడవకుండా గుండెలకి అదుముకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

తెల్లారి నోరు తెరిస్తే గాలే వచ్చింది. ఆస్పత్రిలో గొంతు వాపన్నారు, మందులిచ్చారు. పోయేవరకూ అయ్య మళ్ళీ మాటాడలేదు. "ఆ గొంతు ఎనక్కెల్లలేదు... ఈయన గొంతు రాలేదు" అనేది అమ్మ.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా కూతురి కూతురు గౌరి విశాఖలో ఉంటాది. వాళ్ళు నలుగురు కలిసి ఒక ఆల్బం చేశారు. డెత్ మెటలంట... హోరుమని వాయించి, బొబ్బరించి పాడే ఒక రకం పాటలు. పాత కాలం పద్ధతంట, పై మెరుగులేవీ పెట్టకుండా నలుగురూ ఒకే గదిలో వాయించారంట. మొన్న వచ్చి ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టి వినిపించింది.

గిటారు తీగలు బాగా వదులు చేసినారు... అచ్చం జముకు మూలుగే! డ్రమ్ములాయన రెండు కాళ్ళతోటీ తొక్కుతుంటే రేకుల మీద వడగళ్ళు పడినట్టున్నాది. అంత ఉరుకు ఉరికి, ఒక్కసారి నెమ్మదిస్తారు... పాడె మోసే నడక. డ్రమ్ము కర్ర తగిలిన చప్పుడు కూడా దాచలేదు. దడ పుట్టింది గానీ, చేతులు తిరిగినవాళ్ళే అనుకున్నాను. ఒక్క దెబ్బ పక్కకి పోలేదు.

మూడో పాట చివర వాయిద్యాలన్నీ ఆగిపోయాయి. ఒక గొంతు మిగిలింది.

మా అయ్య గొంతు... ఆ బండ దొర్లడం, చివర ఆ ఈడ్పు... చెవుల్లోవి పీకేశాను.

"ఒసే, ఈడెవడే?"

"ఈడేటి, నేనే అమ్మమ్మా!"

"గుప్పెడు మనిసివి, ఇదెక్కడ దాసినావే? ఎవలు నేర్పినారు?"

"ఎవలూ నేర్పలేదు. కడుపులోంచి తియ్యాల. గొంతుతోటి అరిస్తే నెత్తురొస్తాది."

అయ్య పోయిన ఎన్నేళ్ళకో పుట్టిన పిల్ల... ఆ మాట నేనెప్పుడూ దానికి చెప్పలేదు.

"పాట అయ్యాక ఏటి సేస్తావే?"

"టీ తాగుతాను. బజ్జీలుంటే బజ్జీలు."

"నవ్వకు. ఎవలు నువ్వు? పేరు సెప్పు."

"నీ మనవరాల్నే, మర్సిపోనావేటి?" అని నవ్వుకుంటూ బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది.

నిన్నటి నుంచి ఫోను ఎత్తట్లేదు. మెసేజి మాత్రం పెట్టింది... "గొంతు పోయింది అమ్మమ్మా, రెండ్రోజుల్లో వచ్చేస్తాది, కంగారు పడకు" అని. కంగారు పడకుండా ఎలాగ...

అప్పట్లో మనిషి ఇంటికొస్తే ఎవరో ఒకరు ఎదురొచ్చి, నీళ్ళిచ్చి, పలికించేవారు. ఇప్పుడు పిల్లలు తమ తాళం తామే తీసుకుని గదిలోకి పోతన్నారు... నోరు విప్పే పనే లేదు. మీ ఇళ్ళల్లో కథలు చెప్పినవాళ్ళుంటే, కథ అయ్యాక ఏం చేసేవారో కింద రాయండి నాయనా. నాకు కొంచెం ధైర్యంగా ఉంటాది.

వస్తన్నానని గౌరికి మెసేజి పెట్టేశాను. తలుపు అదే తియ్యాలి. పేరు చెప్పేవరకూ గడప దాటను. లక్ష్మివారం... పొద్దున్న పాసింజరుకి.