చప్పుడు చేయని మిల్లు

రఘునాథ్‌కి పని అంటే చప్పుడు. పుట్టింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. మెకానికల్ ఇంజనీరింగు చదివి ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లులో చేరి, మేనేజరయ్యాడు. ఫిట్టరు కావాల్సి వస్తే సర్టిఫికెట్లు చూడడు. నడుస్తున్న మిషను పక్కన నిలబెట్టి, చప్పుడు వినమని, "యాడ తేడా ఉందో సెప్పప్పా" అంటాడు. చెప్పినవాడికి ఉద్యోగం.

మిల్లు యజమానికి ఒక ఆలోచన వచ్చింది. పత్తి బేళ్ల లెక్క, అంటే నొక్కి కట్టిన పత్తి మూటల లెక్క చూసే కంప్యూటరు ప్రోగ్రాము రాయించి ఇతర మిల్లులకు అమ్మాలని మేడమీద ఆఫీసు తెరిచాడు. "నువ్వూ ఇంజనీరువే కదా, అదీ సూసుకో" అని రఘునాథ్‌కే అంటగట్టాడు.

మనిషిని తీసుకోవడంలో పాత పద్ధతే పనిచేసింది. మంత్రాలయం నుంచి వచ్చిన దీపశ్రీ ముందు చెడిపోయిన ప్రోగ్రాము పెట్టాడు. ఆమె కాసేపు చూసి, తప్పున్న చోట వేలు పెట్టింది.

"ఇది ఎవరు రాసినారు సార్?"

"నీకు ముందున్నోడు."

"వాడే పోయినాడా, మీరు పంపించినారా?"

ఆ రోజే ఉద్యోగం ఇచ్చేశాడు.

చిక్కంతా ఆ తర్వాతే. మిల్లులో లాగే గంటకోసారి మేడెక్కి చెవి పెట్టేవాడు. ఏ చప్పుడూ ఉండదు. దీపశ్రీ గోడకేసి చూస్తుంటుంది.

"ఏమ్మా, పని నిలిచిపోయిందా?"

"ఆలోచిస్తాండాను సార్. ఇంతసేపూ దారిలోనే ఉన్నాను, మీరు పిలిచినారు. మళ్లీ మొదట్నుంచి పోవల్ల."

దసరా దాటితే పత్తి సీజను. అప్పటికి ప్రోగ్రాము ఇస్తామని కొనే మిల్లులకు మాట ఇచ్చారు. సీజనులో పని జరగకపోతే మిల్లులో ఏం చేస్తారు? మనుషుల్ని పెంచుతారు. రఘునాథ్ అదే చేశాడు. అప్పుడే చదువు ముగించిన సుధన్వను, అమృతను తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టాడు. వాళ్లకు నేర్పడంతోనే ఆమె రోజులు గడిచిపోయాయి.

"సాయానికి పంపించినారా, ట్యూషనుకు పంపించినారా సార్?" అంది దీపశ్రీ. నెలాఖరుకి మానేస్తానని చెప్పింది. ప్రోగ్రాము గుట్టంతా ఆమెకే తెలుసు. ఆమె పోతే ఇచ్చిన మాట గాల్లో కలిసినట్టే.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మిల్లులో ఆనాడు స్పానరు కూడా ముట్టరు. రఘునాథ్ మేడమీది లాప్‌టాప్‌లన్నీ తెప్పించి, తుడిపించి, కుంకుమ పెట్టి స్పానర్ల పక్కన పేర్పించాడు.

"బేళ్ల లెక్క ఎక్కువ చూపిస్తాంది, తప్పు ఇంకా దొరకలేదు సార్!" అని మొత్తుకుంది దీపశ్రీ.

"ఆయుధం రేపటిదాకా కదిలించగూడదమ్మా. ఉగ్గాని తిను."

ఆమె తినలేదు. మిల్లులో పేర్చిన బేళ్లకేసి చూస్తూ కూర్చుంది. పలకరించబోయి, ఈ రోజు అడగడానికి పనే లేదు కదా అని రఘునాథ్ ఊరుకున్నాడు. చాలాసేపటికి ఆమె దిగ్గున లేచింది.

"సుధన్వా! తడిసి బరువు పెరిగిన బేలును మళ్లీ తూకం వేస్తే కొత్త బేలనుకుంటాంది మన ప్రోగ్రాము!"

ఇద్దరూ అక్కడే సుద్దముక్కతో నేలంతా గీశారు. తప్పు దొరికింది.

రఘునాథ్ తెల్లబోయాడు. "ఆయుధాలన్నీ దేవుని కాడుంటే నువ్వెట్ల పని చేసినావు?"

"అసలుదాన్ని మీరు పూజకు పెట్టలేదు సార్" అని దీపశ్రీ తల చూపించింది.

ఫిట్టరు సోమప్ప కుంకుమ గిన్నె అందించాడు. "అయితే దానికీ పెట్టుకో తల్లీ. రేపటిదాకా వాడగాకు."

నవ్వులు తగ్గాక రఘునాథ్ మెల్లగా అడిగాడు: "ఉంటావామ్మా?"

"మీరు పైకి రాకుంటే ఉంటాను."

మరునాటి నుంచి ఆయన సగం మెట్లెక్కి ఆగిపోతున్నాడు.

"ఏం సార్, ఆడ్నే నిలబడినారు?" అన్నాడు సోమప్ప.

"పని చేస్తాండానప్పా" అన్నాడు రఘునాథ్. "పైకి పోకుండా ఉండే పని."