మెడవంపుల బొంత

బొంతలవ్వ పోయిందని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను ఒక జాకెట్టుకి మెడ కోస్తున్నాను. కత్తెర సగం వంపులో ఉంది. "రాత్రి మంచిగనే తిని పండుకున్నదట. పొద్దుగాల లేపితె లేవలేదట" అంది. నేను సరే అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా. ఆ వంపు పూర్తి చేశాను. కిందపడిన అర్ధచంద్రం ముక్కను తీసి, అలవాటు కొద్దీ, గోడ మేకుకి వేలాడే సంచిలోకి విసిరాను. విసిరిన తరువాత తెలిసింది, ఆ సంచి కోసం ఇక ఎవరూ రారని.

ఆ మెడ వంకరగా వచ్చింది. జాకెట్టు ఇచ్చినావిడ ఇప్పటికీ తిడుతోంది. తిట్టనీ.

మోత్కూర్ బస్టాండు పక్క సందులో నాది లేడీస్ టైలర్ దుకాణం. ఏడో తరగతి సగంలో బడి వదిలి మిషన్ ఎక్కినవాణ్ణి, ఇంతవరకు దిగలేదు. అవ్వ మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేది. చుట్టం కాదు. కానీ నా దుకాణంలో తెగిన ప్రతి మెడా చివరికి ఆమె ఒడిలోకే చేరేది. మెడ కోస్తే ఒక అర్ధచంద్రం రాలుతుంది. మిగతా టైలర్లు దాన్ని ఊడ్చి పారేస్తారు. అవ్వ దాన్ని బొంతకు దాచేది. నలుపలకల ముక్కలతో బొంత ఎవరైనా కుడతారు. అవ్వ బొంత నిండా వంపులే, పక్కపక్కన ఎన్నో నెలవంకలు పడుకున్నట్టు.

అంగడి రోజు వచ్చి సంచి దింపి, ముక్కలన్నీ ఒళ్లో పోసుకుని పేర్లు చదివేది.

"ఇది పెద్దబజారు టీచరమ్మది. గింత లోతు మెడ ఆమెకే ఇష్టం. ఇది పాలామెది. ఇదేందిరా, పలక మెడ? వద్దు. వంపు లేని ముక్క నా బొంతల కూసోదు."

"అవ్వా, ఈ బొంత కప్పుకుంటె ఊర్లె ఆడోళ్లంత మెడ మీద పడ్డట్టుంటది."

"నీ మెడ మీదున్న ఒక్కదాన్నే మోస్తలేవు. నీకెందుకురా ఊరంత?"

ఈ మాటను మా ఆవిడకు చేరవేసింది కూడా అవ్వే. ఆ రోజు మా ఇంట్లో కూరలో ఉప్పు లేదు.

సర్కారు బతుకమ్మ చీరలు పంచిన ఏడాది సంచి నిండా ఒకే రంగు మెడలు వచ్చాయి. అవ్వ ముక్కలు తిరగేసి తిరగేసి విసుక్కుంది. "ఊరంతకు ఒక్కతే మెడ ఉన్నట్టున్నది. ఎవలిది ఎవలిదో ఎట్ల గుర్తువట్టాలె?" కరోనాలో నేను జాకెట్లు మాని మూతిగుడ్డలు కుట్టాను. వాటికీ చిన్న వంపులు రాలేవి. తీసుకెళ్లి ఇస్తే తలుపు దగ్గరే ఆపేసింది. "మూతుల ముక్కలు నాకొద్దు. మళ్ల మెడలు తెగినప్పుడే వస్త."

నేను ఊరుకునే రకం కాదని మా సందులో అందరికీ తెలుసు. ఒకసారి పోలీసాయన పాత ప్యాంటు పొట్టి చేయగా మిగిలిన ఖాకీ గుడ్డను అర్ధచంద్రాలుగా కోసి, సంచిలో కలిపాను. అవ్వ మిగతా ముక్కలతో పాటే వాటినీ పట్టుకుపోయింది. ఆ చలికాలం మా ఇంటికే ఒక బొంత తెచ్చి ఇచ్చింది. పరిచి చూస్తే తల పెట్టే చోట ఖాకీ వంపు.

"పండుకో కొడుకా. ఇగ కలల గుడ కోతిపని చెయ్యలేవు. నెత్తి కాడ పోలీసోడు కావలున్నడు."

ఆ రాత్రి బొంతను తిప్పి కాళ్లవైపు తల పెట్టుకున్నాను. అక్కడా ఇంకో ఖాకీ ముక్క ఉంది.

వంపుకి వంపు కలపడం ఎంత తిక్క పనో కుట్టేవాళ్లకు తెలుసు. ఉబ్బెత్తు ముక్క అంచు పొడుగ్గా ఉంటుంది, లోతు ముక్క అంచు పొట్టిగా ఉంటుంది. రెండూ కలిసి ఒక్క గీత మీద పడుకోవాలి. జాకెట్లకు జబ్బలు ఎక్కించే చెయ్యి నాది, నాకిదో లెక్కా అనుకుని ఒకరోజు ఆమె చేతిలోంచి లాక్కుని మిషన్ మీద గరగరా తిప్పేశాను. ముక్క పూరీలాగా పొంగింది. అవ్వ దాన్ని అరచేతిలో బోర్లించి చూసి పకపకా నవ్వింది.

"దీని మీద పసిపోరన్ని పండవెడ్తె జారి కింద వడ్తడు. గట్ల గుంజుతరారా? గుడ్డకు గుడ పౌరుషం ఉంటది. బుజ్జగించాలె."

తరువాత చేసి చూపించింది. లోతు ముక్క అంచుకి చిన్నచిన్న గాట్లు పెట్టింది. రెండు ముక్కల నడుములు కలిపి అక్కడొక పిన్నీసు గుచ్చింది. కొసలు అటూ ఇటూ వేలాడుతున్నాయి.

"గిప్పుడు కొసలు పట్టి గుంజాలె గదా?" అన్నాను.

"ఎందుకు? నడుమ కుదిరితె కొసలు దిక్కులేక వస్తయి. నీకే, కాళ్లల్ల చీమలున్నయి. జర కూసో."

నేను కూర్చోలేదు. ఏ పనిలోనూ కూర్చోలేను. టీ తాగడానికి పోయి సగం గ్లాసు వదిలేసి వస్తాను. అవ్వ పక్కన దుకాణం మెట్టు మీద కూడా ఒంటికాలి మీదే నిలబడి ఎన్నేళ్లు మాట్లాడానో.

అవ్వకి ఒక పట్టింపు ఉండేది. ఎవరి బొంతైనా సరే, చివరి ముక్క తన గుడ్డదే పెట్టేది. తన రైకదో, చీర కొంగుదో. ఒక మూలన అది పడితేనే బొంత అయినట్టు. "గది లేకుంటె అంగట్ల కొన్న బొంతకు, నా బొంతకు ఫరకేముంది?" అనేది.

మా బిడ్డ తొలి కాన్పుకి ఇంటికొచ్చింది. దాని కోసం అవ్వ చిన్న బొంత మొదలుపెట్టింది. అప్పుడే పచ్చగుడ్డ ఒకటి తెచ్చి రైక కుట్టమంది.

"వెనుక డోరీ పెట్టనా అవ్వా? కొసకు కుచ్చులు గుడ కడ్త."

"పెట్టు. నీ మూతికి కట్టనీకి పనికొస్తది."

మెడ కోసి రైక కుట్టి ఇచ్చాను. కొన్నాళ్లకు మా బిడ్డతో "బొంత అయినట్టే బిడ్డా. ఇగ నా ముక్క ఒక్కటే" అందట. అదే ఆఖరి మాట.

కబురు విని నేను పోయిన కొంతసేపటికి హాలియాలో ఉండే ఆమె కూతురు వచ్చింది. మా వైపు పోయినవాళ్ల గుడ్డ ఇంట్లో ఉంచరు. అవ్వ చీరలు, రైకలు, పక్కబట్టలు అన్నీ మూటగట్టి పాడె వెంట పంపేశారు. ఇంకా తొడగని ఆ పచ్చ రైక కూడా అందులోనే పోయింది. బొంతను మాత్రం కూతురు పక్కకు తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది అమ్మది గాదన్నా, మీ బిడ్డది. గిదొక్కటి మూటల వడనియ్యలే."

మా ఆవిడ దాన్ని గడప దాటి లోపలికి రానివ్వలేదు. "పోయినోళ్ల ఇంట్లకెల్లి వచ్చింది. పెద్దకర్మ అయ్యేదాక విప్పొద్దు, ముట్టొద్దు" అని కవరులో చుట్టి వసారాలో దండెం మీద పెట్టింది. తరువాత అసలు మాట అంది. "అయినా ఆమె ముక్క పడకముందే పాయె గదా. ఇప్పుడు ఏ గుడ్డ పెడ్తవు? ఆమె ఒంటి గుడ్డ దొరికినా పసిగుడ్డు కింద ఎట్లేస్తం?"

లోపల్నుంచి మా బిడ్డ, పొట్ట పట్టుకుని లేవలేక లేస్తూ, "నాకు అవ్వ ముక్క ఉన్న బొంతనే గావాలె. లేకుంటె అసలే వద్దు" అంది. అని ఏడ్చింది. నిండు నెలల మనిషి ఏడిస్తే ఇల్లంతా దోషిలా నిలబడుతుంది.

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు. రైక పోతే పోనీ, దాని మెడ? అది తెగింది నా కత్తెర కింద, అవ్వ బతికుండగా. ఒంటి మీదికి పోనేలేదు. దానికి మైలేమిటి?

దుకాణానికి పరుగెత్తాను. సంచి బోర్లించాను. లేదు. మిషన్ కింద, బల్ల వెనకాల, చెత్తబుట్టలో, ఇస్త్రీ బట్టల మధ్య. లేదు. మర్నాడు మళ్లీ. గిరాకీలు వచ్చి నిలబడితే వాళ్ల కాళ్ల కింద చూసేవాణ్ణి. దారం లేకుండా మిషన్ తొక్కి, ఎందుకు కుట్టు పడటం లేదని తిట్టుకునేవాణ్ణి. బుద్ధి పుట్టినప్పుడల్లా ఇంటికొచ్చి దండెం కింద నిలబడి ఆ కవరును చూసేవాణ్ణి.

"దాని చుట్టు పిల్లి తిరిగినట్టు తిరుగకు. నీ కాలు ఒక్క తాన నిలువదు, బిడ్డ కాన్పు నీకొస్తదా ఏంది?" అంది మా ఆవిడ.

నొప్పులు ఎప్పుడొస్తాయో తెలీదు. పాత పచ్చగుడ్డ ఏదో ఒకటి తెచ్చి, ఇదే అవ్వ ముక్క అని బిడ్డకి చెప్పేద్దామా అనుకున్నాను. జీవితమంతా జనాన్ని ఆటపట్టించిన మనిషికి అదెంత పని? కానీ అవ్వ ముక్క మీద మాత్రం నా నోట అబద్ధం రాలేదు.

పెద్దకర్మ అయింది. మా ఆవిడ పసుపునీళ్లు చల్లి కవరు విప్పింది. అవ్వకి పని ఆపినప్పుడల్లా కుట్టే మూలను లోపలికి మడిచి, దుమ్ము పడకుండా నాలుగు పొడుగు కుట్లు వేసే అలవాటు. ఆ కుట్లు నేను కత్తెరతో తెంపాను. మడత విడింది.

లోతు ముక్క మీద పచ్చటి అర్ధచంద్రం. గాట్లు పెట్టి ఉన్నాయి. నడుమ ఒక్క పిన్నీసు. కొసలు రెండూ వదులుగా వేలాడుతున్నాయి.

కొత్త రైక తీసుకెళ్లిన రోజే నా సంచిలోంచి తన మెడను తానే ఏరుకుని పోయింది అవ్వ. నా ముందే తీసి ఉంటుంది. నేను మళ్లీ ఆ డోరీ, కుచ్చుల మాటల్లోనే పడి చూసుకోలేదు.

మా ఆవిడ ముక్కను వేలితో తాకింది. "ఇది తొడిగినది గాదు గదా?"

"కత్తెర తప్ప ఏదీ ముట్టలేదు దాన్ని."

ఆమె లేచి లోపలికి పోయింది. సూది తెచ్చి నా చేతిలో పెట్టింది. "అయితె కుట్టు. గుంజకు."

మిషన్ ముట్టలేదు. వసారాలో కూర్చున్నాను. మా బిడ్డ పక్కనే గోడకి ఆనుకుని చూస్తూ ఉంది. నాలుగు కుట్లు వేసి లేవబోయాను, మళ్లీ కూర్చున్నాను. నడుమ నుంచి ఒక కొసకి, మళ్లీ నడుమ నుంచి రెండో కొసకి. అవ్వ చెప్పినట్టే, కొసలు దిక్కులేక వచ్చాయి. పిన్నీసు తీసి నా చొక్కా కాలరుకు పెట్టుకున్నాను. ఈ మాటలు చెబుతున్నప్పుడు కూడా అక్కడే ఉంది.

మనవరాలు పుట్టింది. దుకాణంలో సంచి మళ్లీ మెడలతో నిండుతోంది. పారేయబుద్ధి కాదు, ఏం చేయాలో తెలియదు.

పొద్దున దుకాణానికి బయలుదేరేముందు పిల్లను ఒకసారి చూస్తాను. దాన్ని బొంత మీద ఎటు తిప్పి పడుకోబెట్టినా ఒకచోట ఉండదు. దేక్కుంటూ దేక్కుంటూ ఆ మూలకే జరుగుతుంది. చీమలు పాకుతున్నట్టు రెండు కాళ్లూ ఆడిస్తూ, ఆ పచ్చ వంపును తన్నుతూనే ఉంటుంది. వంపు మాత్రం ఎక్కడా పొంగకుండా, దాని మడమ కింద సాఫుగా పడుకుని ఉంటుంది.