ఆరు గళ్ళ సంచి

మొన్న వీడియో కాల్‌లో చిన్నది మూతి ముడుచుకుని, "అమ్మమ్మా, ఈ ఆటలో దయ్యాలతో బాధ లేదు, సంచిలో చోటు లేకే చచ్చిపోతున్నాను" అంది. నాకు నవ్వాగలేదు. మీరనుకున్నట్టు అర్థంకాక నవ్వలేదర్రా. అలాంటి సంచి గురించే మనింట్లో ఎప్పుడో మీ అమ్మ చిన్నప్పుడే పెద్ద గొడవ జరిగింది.

అప్పుడు మేం భవానీపురంలో ఉండేవాళ్ళం. మీ అమ్మ ఇంటర్ పరీక్షలు రాసి, ఇబ్రహీంపట్నంలో ఉండే స్నేహితురాలి దగ్గర్నుంచి ఒక కంప్యూటర్ ఆట సీడీ తెచ్చుకుంది. పాడుబడ్డ ఆసుపత్రిలో ఒక అమ్మాయి ఒంటరిగా తిరుగుతుంటుంది, మూలమూలకీ దయ్యాలు. ఆ పిల్ల సంచిలో ఆరే గళ్ళు. తుపాకీకి ఒక గడి, వేలెడంత తాళంచెవికీ ఒక గడి. మీ అమ్మకి ఒక్కతే ఆడాలంటే భయం. అందుకని మా అత్తగారు, అంటే తన నాయనమ్మ, ఒత్తులకి పత్తి ముందేసుకుని పక్కనే కూర్చునేవారు. ఆవిడ దయ్యాలకి ఒక్కసారీ ఉలిక్కిపడలేదు, ఆ గళ్ళను చూస్తేనే మండిపడేవారు. పెళ్ళికి వెళ్ళాలంటే డబ్బాలో డబ్బా, గ్లాసులో గ్లాసు దూర్చి, ఇల్లంతా ఒక్క ట్రంకుపెట్టెలో సర్దే మనిషి మరి.

"తాళంచెవి సంచిలో పెడతారటే ఎక్కడైనా? బొడ్లో దోపుకోమనవే!"

"అది ప్యాంటేసుకుంది నాయనమ్మా."

"మరి జేబులేమయ్యాయే, దాని మొహం!"

పోనీ ఉన్నవి వాడి ఖాళీ చేద్దామంటే ఒప్పుకునేవారు కాదు. ఆ పిల్ల కడుపు పట్టుకుని కుంటుతున్నా సరే, దొరికిన మందుసీసాలన్నీ దాచమనేవారు. "ఉండనీ, ముందు ముందు పనికొస్తాయి." ఆ మాట నాకు కొత్త కాదు. మా మామగారు కొనిచ్చిన వంగపండు రంగు పట్టుచీర గురించీ ఆవిడ అదే అనేవారు. ఎవరి పెళ్ళికీ కట్టలేదు. ఏటా నీడన ఆరేసి, మడత మార్చి, కలరా ఉండలేసి మళ్ళీ బీరువాలో పెట్టేవారు.

సీడీ తిరిగివ్వాల్సిన రోజు రానే వచ్చింది. స్నేహితురాలి ఇంటివాళ్ళు మర్నాడే ఊరు మారిపోతున్నారు, సాయంత్రంలోగా ఆట అయిపోవాలి. నాలుగింటికి ఆఖరి తలుపు తాళంచెవి కనబడింది. సంచి చూస్తే తుపాకీ, గుళ్ళు, నాలుగు మందుసీసాలు. చోటు లేదు. వెనక దయ్యం, మీ అమ్మ కళ్ళల్లో నీళ్ళు.

"అన్నీ దాచుకుని, ఒక్కటీ తాక్కుండానే చచ్చిపోతుంది నాయనమ్మా!"

పత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "తాగించెయ్యవే" అన్నారావిడ, తన గొంతులో మందు పోస్తున్నట్టు మొహం పెట్టి. సీసా ఖాళీ అయింది, గడీ ఖాళీ అయింది. ఆ పిల్ల నిటారుగా నిలబడి, తాళంచెవి తీసుకుని, ఆఖరి తలుపు తీసింది. బయట ఎండ! ముగ్గురం ఎంత అరిచామంటే పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసింది.

మేమింకా నవ్వుతుండగానే బీరువా తలుపు కిర్రుమంది. అత్తగారు పట్టుచీర కట్టుకుని, కలరా ఉండల వాసనతో గుమ్మంలో నిలబడ్డారు. "పదవే, సీడీ ఇచ్చేసొద్దాం."

"బస్సులో నలిగిపోతుంది అత్తయ్యగారూ!" అన్నాను.

"నలగనీవే."

ఆ తర్వాత పేరంటాలకీ, కూరల మార్కెట్టుకీ కూడా ఆ చీరే. అంచులు చిరిగాక, మీ ఉయ్యాల్లో బొంతకి పైగుడ్డయింది. బీరువాలో అదున్న అన్నేళ్ళ గురించి మీకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటా లేదు, బయటికొచ్చిన ఆ ఒక్క సాయంత్రం గురించి చూడండి, ఇంకా చెబుతూనే ఉన్నాను.