చిటికెన వేలు చెప్పిన అబద్ధం

ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగు చేసే రోజుల్లో నాకొక గొప్ప ఉండేది. తీగలో కరెంటు ఉందో లేదో టెస్టర్ పెట్టకుండా చెప్పేసేవాణ్ని. చెక్కపీట మీద నిలబడి, కుడిచేతి చిటికెన వేలి వెనకభాగం అలా తాకించి తీసేస్తే చాలు. ఉంటే జివ్వుమంటుంది. అరిచేత్తో ముట్టుకుంటే వేళ్లు ముడుచుకుని తీగను పట్టేస్తాయి కాబట్టి వెనకవైపే తాకించాలి. విద్యంతా ఇంతే. దానికి నేను పోయిన పోకడలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. టెస్టర్ జేబులో పెట్టుకు తిరిగేవాళ్లను పిరికిపందలని వెక్కిరించేవాణ్ని.

డెబ్బైల నడుమ ఒక ఎండాకాలం ఆ జివ్వు తగ్గుతూ వచ్చింది. చెయ్యి రాటుదేలింది కాబోలనుకున్నాను. "కరెంటుకి నేనంటే భయంరా" అని మా బావమరిదితో అన్నాను కూడా. నా భార్యకు తమ్ముడతను. షాపు మా ఇద్దరిదీ.

ఒక ఉదయం పొలం నుంచి వచ్చిన పంపుసెట్టు మోటారు ఒకటి తిప్పి చూసి, మళ్లీ విప్పుతున్నాం. బోర్డులో ఫ్యూజు పీకేశాను. పీకింది పక్కదాన్నని తర్వాత తేలింది.

"బావా, లైను చూశావా?"

చిటికెన వేలు తాకించాను. ఏమీ లేదు.

"చచ్చిపోయింది. పట్టుకో."

పట్టుకున్నాడు. అరవలేదు. పళ్లు బిగుసుకుపోయి, ఒళ్లంతా వణుకుతూ, తీగ వదలలేక అలాగే నిలబడిపోయాడు. నా కాళ్ల కింది పీట లాక్కుని అతని మోచేతి మీద కొట్టాను. రెండో దెబ్బకు తీగ వదిలి వెల్లకిలా పడ్డాడు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియక ఛాతీకి చెవి ఆనించాను. చివరికి కళ్లు తెరిచి నా వంక చూశాడు.

"చచ్చిపోయిందన్నావుగా బావా" అన్నాడు.

అరిచెయ్యి కాలింది. కట్టు కట్టించి అతన్ని ఇంటి దగ్గర దింపి, నేనొక్కణ్నే షాపుకు తిరిగొచ్చాను. అదే తీగకు బల్బు తగిలించాను. భగ్గున వెలిగింది. పీటెక్కి చిటికెన వేలు తాకించాను. ఏమీ లేదు. చూపుడు వేలు తాకించాను. భుజం దాకా గుంజింది. అప్పుడు పట్టుకుంది భయం.

మర్నాడు గవర్నరుపేటలో ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కళ్లు మూసుకోమని వేళ్ల మీద దూదిపోగు రాశారు. చిటికెన వేలి మీద ఎప్పుడు రాశారో నేను చెప్పలేకపోయాను. మోచెయ్యి వంచి ఎముక పక్కన తడిమారు. అక్కడ నరం తాడులా లావెక్కి ఉంది.

"తీగలు చుట్టేవాడివి కాబట్టి నీకు తొందరగా అర్థమవుతుంది" అన్నారాయన. "ఈ నరం బోలెడు సన్నటి పోగుల కట్ట. ఒక్కో పోగూ ఒక్కో కణంలోంచి సాగిన తోక. కణం ఉండేది మెడ దగ్గర, వెన్నుపూస పక్కన. తోక కొస నీ చిటికెన వేలిలో. అంత పొడుగూ ఒకటే కణం."

"అందులోనూ కరెంటేనాండీ?"

"కరెంటే, కానీ రాగితీగలో పారినట్టు పారదు. పోగు పైపొరలో చిన్నచిన్న తలుపులుంటాయి. వేలికి ఏదైనా తగిలితే అవి తెరుచుకుని, బయటున్న ఉప్పు రేణువులు లోపలికి దూకుతాయి. వాటికి విద్యుత్తు ఉంటుంది. ఆ ఊపుకి పక్క తలుపులు తెరుచుకుంటాయి. అలా మెడ దాకా, అక్కణ్నుంచి మెదడు దాకా కబురు వెళుతుంది. చాలా పోగులకి పైన కొవ్వు చుట్ట కూడా ఉంటుంది. చుట్టకీ చుట్టకీ మధ్య ఖాళీల్లో గెంతుకుంటూ పోతుంది కాబట్టి అంత వేగం. నీ జబ్బు పురుగు ఆ చుట్టేసే కణాల్లోనే కాపురం పెట్టింది."

ఏ జబ్బో ఆయన చెప్పారు. కుష్ఠు.

"పాడైతే పాతది పీకేసి కొత్తది చుడతాం కదండీ?" అన్నాను. ఎంత తెలివితక్కువ ప్రశ్న!

"చుట్ట మళ్లీ రావచ్చు. లోపలి పోగు పోతే మాత్రం పైనుంచి పెరుగుతూ రావాలి, వారానికి బియ్యపుగింజంత. వస్తుందని మాట ఇవ్వలేను. మాత్రలు మానకు. వాడుతుంటే ఇంట్లోవాళ్లకి భయం లేదు."

భయం లేదని ఆయనకు తెలుసు. ఊరికి తెలియదు. ఆ జబ్బు పేరు వింటే కంచం వేరు పెట్టేవాళ్లు, ఇచ్చిన పిల్లను వెనక్కి తీసుకుపోయేవాళ్లు. నా భార్య పోతుంది, షాపు పోతుంది. మాత్రలు వార్నిష్ డబ్బాల వెనక దాచాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు నా వైపు చూసినా చెయ్యి జేబులో పెట్టుకునేవాణ్ని. బావమరిది మాత్రం వాళ్లక్కతో, తప్పు తనదేనని, చూసుకోకుండా పట్టుకున్నానని చెప్పాడట. అది విని కంచం ముందు నుంచి లేచిపోయాను.

పదోరోజు చేతికట్టుతోనే పనిలోకి వచ్చాడు. మోటారు ముందు కూర్చున్నాడు.

"బావా, లైను చూడు" అన్నాడు.

అంత జరిగాక కూడా నన్నే అడిగాడు.

"నేను చూడలేనురా. నా వేలికి తెలీదు" అన్నాను. జబ్బు పేరుతో సహా అంతా చెప్పేశాను. చెప్పి, అతని మొహం చూడలేక గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాను. ఎదుటి షెడ్డులో లారీ ఛాసిస్‌ను ఎవరో సుత్తితో కొడుతున్నారు. వెనక అతను లేచిన చప్పుడైంది.

"పోతే పో. మీ అక్కకి మాత్రం నేనే చెబుతాను" అన్నాను.

"ఎక్కడికి పొమ్మంటావు బావా?"

గొంతు మరీ దగ్గరగా వినబడి తిరిగి చూశాను. నా పక్కనే నిలబడి నా చిటికెన వేలు పట్టుకుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచి పట్టుకున్నాడో నాకు తెలియదు.