సీటుకు వారసుడు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా బాపు హాస్టల్ గేటు ముందు ఆటో దిగాడు. ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో ఒక అమ్మాయికి జాతీయ సాంకేతిక విద్యాసంస్థలో సీటు వచ్చిందంటే కాలనీ అంతా ఇంటికొచ్చి చూసిపోయేది. నన్నూ చూశారు. చర్చిలో ప్రార్థన చేసి మరీ సాగనంపారు. నేను నెల తిరక్కుండానే, పాఠాలు అర్థం కావడం లేదు, వచ్చి తీసుకుపొమ్మని ఫోన్లో ఏడ్చాను. (ఇంగ్లిషులో చెప్పిన లెక్కలు నాకు ఏ భాషలోనూ అందలేదు.) బాపు బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు దిగి, నిద్రయినా పోకుండా బస్సెక్కాడు.

తిట్టలేదు. కాలేజీ నడిపే పెద్దసారు గదికి తీసుకెళ్లమన్నాడు. బాపు మనసులో ఒక ఏర్పాటు ఉంది. బొగ్గు గనిలో మనిషి ఇక పనికి తట్టుకోలేడని కంపెనీ డాక్టర్లు తేలిస్తే అతన్ని ‘అన్‌ఫిట్’ అంటారు. ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. మా తాత అట్లా అన్‌ఫిట్ అయితేనే బాపు గనిలోకి దిగాడు. మా క్వార్టర్ల వరుసలో చాలా ఇళ్లు అట్లా నడిచినవే. లోకమంతా ఇదే పద్ధతని ఆయన నమ్మకం.

“సార్, పిల్లకు పానం మంచిగుంటలేదు, అన్నం తింటలేదు. దీన్ని అన్‌ఫిట్ చేసి సీటు మా చిన్నోనికి రాయుండ్రి. ఇంటర్ల ఉన్నడు, జల్ది నేర్సుకుంటడు” అన్నాడు, ఎంతో మర్యాదగా.

తలుపు బయట సీనియర్లు నవ్వడం వినిపించింది. లెక్కలు రాకపోవడం ఒక బాధ. ఏ డాక్టరూ చూడకుండానే కన్నతండ్రి అన్‌ఫిట్ చేసేయడం అంతకన్నా పెద్ద బాధ.

పెద్దసారు నవ్వలేదు. బాపును కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆనకట్టలు, కర్మాగారాలు లేచే కాలంలో ఇంజనీర్లు కావాలని దీన్ని ప్రాంతీయ కళాశాలగా మొదలుపెట్టారని, తర్వాత జాతీయ సంస్థగా మార్చారని, ఇప్పుడు సగం సీట్లు మన రాష్ట్రానికైతే మిగతా సగానికి దేశమంతా పోటీ పడుతుందని చెప్పాడు. ఇక్కడ చదివినవాళ్లు గనుల్లో మేనేజర్లుగా ఉన్నారన్నాడు. మేనేజర్ అన్న మాట వినగానే బాపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. సీటు ఎవరికీ రాసివ్వడం కుదరదని, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు సాయంత్రం వేరే క్లాసు ఉందని, అందులో కూర్చోమనమని సారు ముగించాడు.

క్యాంటీన్ మెట్ల మీద అమ్మ పంపిన గారెల డబ్బా తెరిచి, బాపు ఒక గారె నా చేతిలో పెట్టాడు.

“నా డ్యూటీ మా నాయిన ఇచ్చిండు బిడ్డా. నీ సీటు నీకెవ్వలియ్యలే, నువ్వే తెచ్చుకున్నవ్. ఉంటవా, వస్తవా, నువ్వే చెప్పు” అన్నాడు.

ఉంటానన్నాను. ధైర్యం ఎంత ఉందో తెలియదు. అన్‌ఫిట్ అనిపించుకుని మా కాలనీలో బస్సు దిగే ధైర్యం మాత్రం లేదు.

సాయంత్రం క్లాసులో వెనక బెంచీ నుంచి మొదలుపెట్టి ఎట్లాగో గట్టెక్కాను. (సీనియర్లు నన్ను నాలుగేళ్లూ ‘అన్‌ఫిట్’ అనే పిలిచారు.) తమ్ముడు తన సీటు తనే తెచ్చుకున్నాడు. ఇప్పుడు అదే సాయంత్రం క్లాసు నేను చెబుతున్నాను. బొగ్గు కాలనీల పిల్లలు ఏటా వస్తూనే ఉన్నారు. తలుపు దగ్గర బిక్కమొహంతో నిలబడ్డ అమ్మాయిలో నన్ను చూసుకుని నవ్వుకుంటాను.

పోయిన ఏడాది దాకా బాపు ప్రతి ఆదివారం ఫోన్ చేసి, “ఏంది బిడ్డా, ఫిట్టా అన్‌ఫిట్టా?” అని అడిగేవాడు. ఇప్పుడు ఎవరూ అట్లా అడగరు.