మైలురాయి మీద కాలు

నాకు సైకిల్ తొక్కడం వచ్చు. ఎక్కడమే రాదు. ఈ మాట ఆ రోజుల్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్లు నవ్వుతారు. అప్పుడు మాత్రం ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

మాది చొప్పదండి దగ్గరి పల్లె. బాపు పరాయి పొలాల్లో కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. పాస్టరయ్య భార్యకు ఒక లేడీస్ సైకిల్ ఉండేది. చర్చి ముందర ఆమే నాకు నేర్పింది. నేను పొట్టిదాన్ని. సీటు ఎంత దించినా కాలు నేలకు అందదు. అందరూ ఎడమకాలు పెడల్ మీద పెట్టి, కుడికాలితో నేలను రెండుసార్లు తన్ని పైకి లేచి కూర్చుంటారు. నేనూ ఒకసారి అలాగే చేయబోయి గడ్డం పగలగొట్టుకున్నాను. నాలుగు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత మళ్లీ ఆ పని చేయలేదు. చర్చి రెండో మెట్టు మీద కాలు ఆనించి సీటెక్కి, మెట్టును ఒక్క తోపు తోసి బయలుదేరేదాన్ని. దిగడానికేముంది, ఒక పక్కకు దూకితే సరిపోతుంది.

కాన్పులు చేసే పని నేర్చుకున్నాక ఆసిఫాబాద్ అవతల ఒక సర్కారు దవాఖానకు వేశారు. తెలంగాణ ఆంధ్రతో కలిసి అప్పటికి కొన్నేళ్లయింది. బాపు ఆ ఆర్డరు కాగితాన్ని చర్చిలో అందరి ముందు చదివించి, కృతజ్ఞత ప్రార్థన చేయించాడు. మా వాడలో సర్కారు కొలువు చేయబోయే మొదటి ఆడపిల్లను నేనే. వెనక్కి వస్తే ఆ గంట కొట్టే మనిషి ఏ మొహం పెట్టుకుని గంట కొడతాడు?

అక్కడి డాక్టరు మొదటి రోజే సూటిగా చెప్పేశాడు. కాన్పు కేసులన్నీ ఘాట్ పైన ఉన్న గూడేలవి. బస్సును నమ్ముకుంటే బిడ్డ పుట్టి నడక నేర్చేదాకా చేరలేము. నాకంటే ముందు వచ్చిన నర్సు నాలుగు నెలలకే వెళ్లిపోయింది. సైకిల్ మీద ఘాట్ దాటి పోయి రాగలిగితే ఉండు, లేకపోతే పైకి రాసి ఇంకొకరిని పిలిపించుకుంటాను అన్నాడు. నేను తలూపాను. దవాఖాన సైకిల్ కూడా లేడీస్ సైకిలే. నా కళ్లు ముందు దాని సీటు ఎత్తు చూశాయి.

నన్ను తయారుచేసే పని కాంపౌండర్‌కు అప్పగించారు. నడివయసు మనిషి, ఏ పనైనా ఒక పద్ధతి ప్రకారం చేసేవాడు. మూడు వారాలు రోజూ ఉదయం నా వెనక తన సైకిల్ మీద వచ్చేవాడు. మొదట నాలుగు మైళ్లు, తర్వాత ఎనిమిది, తర్వాత పన్నెండు. నా సంచిలో మందులకు బదులు నీళ్లసీసాలు పెట్టాడు. చడావు, అంటే ఎక్కుడు దారి, వచ్చినప్పుడల్లా నన్ను ఏదో ఒకటి మాట్లాడమనేవాడు. ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే ఊపిరి చాలినట్టు, మాట తెగితే చాలనట్టు. నాకు ఏం మాట్లాడాలో తోచక బైబిల్లోని కీర్తనలు ఒప్పజెప్పేదాన్ని. ఆయన వెనక నుంచి చెవి పెట్టి వినేవాడు. బ్రేకులు పట్టి చూపించమనేవాడు, దవాఖాన చేరాక చైను జార్చి ఎక్కించమనేవాడు.

అన్నీ చూశాడు కానీ నేను ఎక్కడం ఒక్కటే చూడలేదు. ఆయన తన సైకిల్ తీసే లోపలే దవాఖాన అరుగు మీద కాలు పెట్టి బయలుదేరేదాన్ని. వెనక్కి మళ్లే చోట ప్రతిసారీ ఏదో ఒక కల్వర్టు గోడ ఉండేది. ఆయన అక్కడ చుట్ట ముట్టించుకునే లోపల నేను గోడ ఆసరాతో ఎక్కి కూర్చునేదాన్ని. పైన పటారం, లోన లొటారం. రోజూ ఉదయం ఈరోజు దొరికిపోతానని భయం, సాయంత్రం దొరకలేదని ఇంకా పెద్ద భయం.

మూడో వారం చివర కాంపౌండర్ నన్ను డాక్టరు ముందర నిలబెట్టి, "దమ్ము గట్టిగున్నది సాబ్. ఘాట్ ఎక్కుతది, ఫికర్ లేదు," అన్నాడు. డాక్టరు సంతోషించాడు. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. బాపు గంట తాడు పట్టుకుని నిలబడ్డట్టు కనిపించింది, సంచి తీసుకుని బయటికి వచ్చేశాను.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున అడవి జవాను కబురు తెచ్చాడు. ఘాట్ ఎక్కినాక మూడో మైలురాయి దగ్గర గోండుల గూడెం, తొలిచూలు పిల్ల, ముందురోజు పొద్దున్నుంచి నొప్పులు పడుతోందట. కాంపౌండర్ సంచి సర్ది ఇచ్చాడు. ఘాట్ మీద గంట కొట్టుకుంటూ పొమ్మన్నాడు, జంతువులేమైనా ఉంటే తప్పుకుంటాయని. ఆ మాట ధైర్యం చెప్పడానికే అన్నాడు. నాకేమో ప్రతి పొదలోనూ ఒక ఎలుగుబంటి కూర్చుంది.

ఘాట్ మీద ఎవరైనా సైకిల్ నెట్టుకుంటూ పోవాల్సిందే, అందులో సిగ్గేం లేదు. నెట్టుకుంటూ, గంట కొట్టుకుంటూ, టేకాకు రాలినప్పుడల్లా ఉలిక్కిపడుతూ పైకి చేరాను. పైన మైలురాయి కనిపించగానే ప్రాణం లేచి వచ్చింది. దాని మీద కాలు పెట్టి ఎక్కాను. దారి పోయేవాళ్లు దూరం తెలుసుకోవడానికి సర్కారు ఆ రాళ్లు నాటించింది. నాకు మాత్రం అవి మైలుకొక మెట్టు.

ఒక ఫర్లాంగు పోయానో లేదో, ఎడ్లమంద రోడ్డుకు అడ్డం వచ్చింది. దిగక తప్పలేదు. చుట్టూ చూస్తే అరుగు లేదు, బండ లేదు, అన్నీ ముళ్ల పొదలే. నేలను తన్ని ఎక్కుదామని పెడల్ మీద కాలు పెట్టాను. గడ్డం మీది మచ్చ సలిపినట్టయింది. కాలు తీసేశాను. రెండో మైలురాయి దాకా సైకిల్ పక్కన నడిచాను. అక్కడొక పిల్ల ప్రాణాలతో కొట్టుమిట్టాడుతుంటే, రెండు చక్రాల బండి ఉండి నేను నడుస్తున్నాను. నడుస్తూ ఏడ్చాను. రెండో రాయి మీద కాలు పెట్టి ఎక్కేటప్పుడు, ఏమైనా సరే మూడో రాయి వచ్చేదాకా దిగనని ఒట్టు పెట్టుకున్నాను.

రోడ్డు దిగుడుగా మలుపు తిరిగే చోట ఒక ముసలామె నిలబడి ఉంది. మెడలో పూసల పేర్లు, ఒక చేతిలో కర్ర. నన్ను చూసి రెండో చెయ్యి పైకెత్తింది. ఏదో అంది. నా వేళ్లు బ్రేకు మీదికి పోయాయి. దిగితే మళ్లీ ఒక మైలు నడక. ఈమెకేం, జ్వరం బిళ్ల కావాలేమో, వచ్చేటప్పుడు ఇస్తాను, అక్కడ నొప్పులు పడే పిల్ల ఉంది కదా అనుకున్నాను. వేళ్లు తీసేశాను. ఆమె మొహం నా మొహానికి మూరెడు దూరంలో దాటిపోయింది. నేను చూశాను. ఆ ఒక్క మాట రాయడానికే ఇదంతా రాస్తున్నాను.

మూడో రాయి దగ్గర పది ఇళ్లు ఉన్నాయి. నొప్పులు పడే పిల్ల ఎవరూ లేదు. ఎడ్లకు నీళ్లు పెడుతున్న మనిషి నా సంచి చూసి, "నువ్వు వోవాల్సిన గూడెం ఎన్కకే ఉన్నది నర్సమ్మా. మలుపు కాడికెంచి కాలిబాట. ముసలవ్వ నీకోసం రోడ్డు మీద నిలవడుత అన్నది, కనవడలేదా?" అని అడిగాడు.

సైకిల్ అక్కడే వాళ్ల గోడకు ఆనించి, సంచి పట్టుకుని పరుగెత్తాను. వచ్చేటప్పుడు అంత సులువుగా జారిన దిగుడు ఇప్పుడు చడావు. ఊపిరి ఆడలేదు, కీర్తన సగం కూడా నోట రాలేదు. దేవుడా, ఆ పిల్లను ఉంచు, నా కొలువు తీసుకో అని మాత్రం అన్నాను. మలుపు దగ్గర ముసలామె లేదు. కాలిబాట మొదట్లో పచ్చి కొమ్మ ఒకటి విరిచి పడేసి ఉంది, నేను వస్తే దారి తెలియాలని.

గుడిసెలో అడుగుపెట్టేసరికి బిడ్డ పుట్టింది. ముసలామే మంత్రసాని పని చేసింది. ఆ పిల్లకు ఆమె అత్త. బిడ్డ ఏడుస్తోంది, తల్లి ఏడవడం లేదు. కింద గోనెపట్టా తడిసి, నెత్తురు మట్టిలోకి పోతోంది. పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. తొందరలో సూదిమందు మొదటి సీసా చేజారి పగిలిపోయింది. రెండోది సరిగ్గా ఎక్కించాను. పొత్తికడుపు మీద చెయ్యి ఆనించి, గర్భసంచి గట్టిపడేదాకా మర్దన చేస్తూ కూర్చున్నాను. ఎంతసేపని అడిగితే చెప్పలేను. చెయ్యి కింద మెత్తగా ఉన్నది కొబ్బరికాయలా గట్టిపడింది, నెత్తురు తగ్గింది. పిల్ల కళ్లు తెరిచి నీళ్లు అడిగింది.

ముసలామె నీళ్లు తాగించి, గుమ్మంలో గుమిగూడిన ఆడవాళ్ల వైపు తిరిగి, "నేను చెయ్యి లేపిన. పాపం, నర్సమ్మకు కండ్లు ఆనుతలేవు. చిన్న వయసుల ఎంత కష్టం," అంది. వాళ్లందరూ నన్ను జాలిగా చూశారు. నేను తేలు కుట్టిన దొంగలా చేతులు కడుక్కుంటూ ఉండిపోయాను.

తిరిగి వచ్చాక దవాఖాన వెనక ఏటవాలు నేల మీద, రాయి లేకుండా ఎక్కడం నేర్చుకున్నాను. పది రోజులు పట్టింది, రెండు మోకాళ్లూ చెక్కుకుపోయాయి. అంత దమ్మున్న మనిషివి, ఇప్పుడీ చిన్నపిల్లల ఆటేమిటని కాంపౌండర్ పరేషానయ్యాడు. డాక్టరు మాత్రం తల్లినీ బిడ్డనూ కాపాడానని పైకి రాసి పంపాడు. బాపు ఆ సంగతి కూడా చర్చిలో చదివించాడట.

ఆ తర్వాత ఒక అంగడి రోజు ముసలామె ఘాట్ దిగి, అంత దూరం నడిచి దవాఖానకు వచ్చింది. మోదుగాకు దొప్పలో కొత్త తేనె తెచ్చింది. మనవడికి పేరు పెట్టారని, కోడలు లేచి తిరుగుతోందని చెప్పింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని తల ఒళ్లోకి లాక్కుంది. తేనె కళ్లకు కలికం పెడితే చూపు తేటపడుతుందని ఆమె నమ్మకం. నేను ఆ అరుగును చూశాను, మూడు వారాలు దాని మీద కాలు పెట్టి అందరినీ మోసం చేసిన అరుగు అది. చెప్పేద్దామని, "అవ్వా, ఆరోజు నేను..." అన్నాను.

"ఊకో బిడ్డా, కనవడకపోతే నువ్వేం జేస్తవు," అంటూ పుల్లతో ఎడమ కంట్లో తేనె పెట్టింది. నిప్పు పెట్టినట్టు మండింది. నీళ్లు ధారగా కారి ఆమె చీర తడిసింది. అట్ల కారాలె, అప్పుడే మంచిగైతది అని ఆమె సంబరపడింది.

నేను కుడి కన్ను కూడా తెరిచి పట్టుకున్నాను.